చెక్క మిద్దెకు, లోపలి గోడలకు శబ్దం ఆపే పని: ముందు చూసుకోవాల్సినవి

☐ అన్నిటికన్నా ముందు చెదలు. వరంగల్ పాత ఇళ్లలో టేకు దూలం గోడలోకి దిగే చోటే తేమ చేరుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మొన మెత్తగా దిగినా, తట్టితే బోలుగా మోగినా వడ్రంగి చూసేదాకా పైన ఏదీ పరచకండి.

☐ బరువు లెక్క. 12.5 మి.మీ. జిప్సం బోర్డు ఒక్క పొరే చదరపు మీటరుకు 8 నుంచి 10 కిలోల దాకా తూగుతుంది. రెండు పొరలు వేయాలంటే ఇంజనీరుకు చూపించాల్సిందే.

☐ ఆపాల్సింది మాటలనా, అడుగుల చప్పుడునా? మాటలకైతే బరువైన బోర్డు, నడుమ రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పొర), సందులు లేని అంచులు కావాలి. అడుగులకు అవి చాలవు. నేల పలకల కింద రబ్బరు పొర లాంటి మెత్తటిది పడాలి. దుకాణదారు రెంటికీ ఒకే షీటు చూపిస్తే నమ్మకండి.

☐ థర్మాకోల్, గుడ్ల అట్టలు వద్దు. శబ్దం ఆగదు, నిప్పుకు మాత్రం ఆహుతవుతాయి.

☐ గోడకు రెండు వైపులా ఎదురెదురుగా స్విచ్‌బోర్డులుంటే వాటి గుంతల గుండా శబ్దం దాటుతుంది, ఒకదాన్ని జరిపించండి. మెయిన్ ఆపాకే.

☐ వానాకాలం వెళ్లనివ్వండి. ఉబ్బిన చెక్క ఎండలకు ముడుచుకుంటుంది, సందులు తెరుచుకుంటాయి. అందుకే పూడ్చడానికి సిమెంటు కాదు, సాగే సీలెంటు.

☐ రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా.