బెడ్ పక్కన చదువు – 3వ పాఠం: జీసీఎస్‌ను మూడు అంకెలుగా రాద్దాం

ముందు పోయిన పాఠం లెక్క (సిరంజిలోంచి మందు నిమిషానికి ఎంత పోతోంది?) సరిచూసుకోండి. నార్ఎడ్ (బీపీ పెంచే నార్అడ్రినలిన్ మందు) 4 మిల్లీగ్రాములు 50 ఎంఎల్ సిరంజిలో కలిపితే ఎంఎల్‌కు 80 మైక్రోగ్రాములు. గంటకు 5 ఎంఎల్ పోతుంటే నిమిషానికి దాదాపు 6.7 మైక్రోగ్రాములు. తప్పు వచ్చినవాళ్లు అరవైతో భాగించడం మరిచిపోయి ఉంటారు.

ఇక జీసీఎస్, అంటే గ్లాస్గో కోమా స్కేల్. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తెచ్చిన స్పృహ కొలత ఇది. గరిష్ఠంగా కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6. అన్నీ కలిపితే 15, కనిష్ఠం 3. ఇంతవరకూ అందరికీ నోటికి వచ్చు. బెడ్ దగ్గరికి వెళ్ళాకే చిక్కంతా.

హైదరాబాద్, బెంగళూరు హైవే మీదే ఉంది కాబట్టి కర్నూలులో తల దెబ్బల కేసులకు కొదవ లేదు. గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. నేను కొత్తగా చేరిన రోజుల్లో రాయచూరు పెద్దాయన ఒకరిని "ఇది ఏ ఊరు పెద్దాయనా?" అని అడిగాను. ఆయన ఏదో గొణిగినట్టు అనిపించింది. మాటకు 2 రాసేశాను. ఫోన్ చేసి డాక్టర్‌ను పిలిపించాను, ఒకటే టెన్షన్. ఈలోపు కొడుకు లోపలికి వచ్చి కన్నడలో అడిగితే పేరు, ఊరు, నెల అన్నీ టకటకా చెప్పాడాయన. మాటకు 5! ఆయన తెలివిలోనే ఉన్నాడు, నాకే కన్నడ రాదు. అప్పటి నుంచి కన్నడలో, ఉర్దూలో మూడేసి ప్రశ్నలు చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేదాన్ని. మీరూ రాసుకోండి.

కదలిక దగ్గర ఇంకో మోసం ఉంది. "నా చెయ్యి పట్టుకో" అంటే స్పృహ లేని మనిషి కూడా అరచేతికి ఏదైనా తగిలితే పట్టేసుకోవచ్చు. అందుకే "పట్టుకో, ఇప్పుడు వదులు" అనండి, లేదా నాలుక బయటపెట్టమనండి. చేస్తే 6. చెయ్యకపోతే మెడ పక్క భుజం కండరాన్ని నొక్కండి. చెయ్యి కాలర్ ఎముక దాటి మీ వేళ్ల మీదికి వస్తే 5. మోచెయ్యి చటుక్కున వంచి లాక్కుంటే 4. నెమ్మదిగా, బిగుసుకుపోయినట్టు ఛాతీ మీదికి వంగితే 3. మోచెయ్యి చాపేస్తే 2. రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దడం మానేయండి, కమిలిపోతుంది. పొద్దున ఆ మచ్చ చూసి బంధువులు మనల్నే అడుగుతారు.

గొంతులో ఊపిరి ట్యూబ్ ఉన్నవాళ్లకు మాట దగ్గర 1 వెయ్యకండి. ఎన్‌టీ అని రాయండి, అంటే పరీక్షించడం కుదరలేదని. కళ్ళు వాచి మూసుకుపోయినా అంతే. మత్తు మందు నడుస్తుంటే అదీ పక్కన రాయాలి.

ఇంటిపని: బైక్ మీంచి పడ్డ కుర్రాడు, ట్యూబ్ లేదు. రాత్రి 2 గంటలకు పిలిస్తే పలకలేదు. భుజం నొక్కితే కళ్ళు తెరిచాడు, "వద్దు" అన్నాడు, చెయ్యి మీ వేళ్ల దాకా తెచ్చాడు. 4 గంటలకు నొక్కితే కళ్ళయితే తెరిచాడు గానీ ఒట్టి మూలుగు, చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. రెండుసార్లకూ మూడేసి అంకెలు వెయ్యండి. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్‌లో మీరు చెప్పే మొదటి వాక్యం కూడా రాయండి.