జముకు పాటను సింథసైజర్ మీదకు ఎలా తేవాలి?

జముకు అంటే తోలుకు తీగ కట్టి మీటే జానపద వాద్యం. దాని పాటను సింథసైజర్ (సింథ్) మీదకు తేవాలంటే, కీబోర్డు ముట్టుకునే ముందే పాట రాసుకోండి. గంజాం పల్లెల నుంచి సూరత్ మరమగ్గాలకు వలసపోయేవాళ్ల గురించి రాస్తున్నారనుకుందాం. ‘దోపిడీ’, ‘అన్యాయం’ లాంటి పెద్ద మాటలు పక్కన పెట్టండి. 12 గంటల షిఫ్టు, ఒకే గదిలో వంతులవారీ నిద్ర, దసరాకైనా ఇంటికి రాలేని కొడుకు... ఇవి రాయండి, ఇంట్లో మాట్లాడే యాసలోనే. బరంపురం, పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిశాయి. ఇక్కడ పాట వినడానికి తెలుగు, ఒడియా రెండు భాషలవాళ్లూ కూర్చుంటారు. వంతపాటలో ఒక పాదం ఒడియాలో పెడితే అందరూ అందుకుంటారు.

తర్వాత శ్రుతి. తోడు వాద్యం లేకుండా పాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ట్యూనర్ యాప్‌తో మీ షడ్జమం (ఆధార స్వరం ‘స’) ఎక్కడుందో చూడండి. కీబోర్డు మీది రెండు మెట్ల మధ్య పడితే గొంతును జరపకండి, సింథ్‌లో ఫైన్ ట్యూన్ (శ్రుతిని కొద్దికొద్దిగా మార్చే అమరిక) జరపండి.

అసలు పని జముకు నాదం దగ్గరుంది. తోలుకు కట్టిన తీగను బిగిస్తూ, వదులుతూ మీటుతారు కదా, బిగువు మారేకొద్దీ స్వరం జారుతుంది. ఆ జారుడే దాని ప్రాణం. అది పోతే మిగిలేది ఏ ఊరిదో తెలియని చప్పుడు. లాప్‌టాప్ ఉంటే సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్ ఉచితంగా దొరుకుతుంది. ట్రయాంగిల్ వేవ్ (మెత్తటి మూల ధ్వని) తీసుకుని మోనోలో (ఒకసారికి ఒకే స్వరం పలికేలా) పెట్టండి. అటాక్ (ధ్వని పైకి లేచే సమయం), సస్టెయిన్ (మెట్టు నొక్కి ఉంచినంతసేపు నిలిచే స్థాయి) రెండూ సున్నా, డికే (ధ్వని తగ్గే సమయం) పొట్టిగా. పోర్టమెంటో (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే సమయం) 60 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, చెవికి నచ్చేదాకా పెంచండి. లోపాస్ ఫిల్టర్‌ను (పై ధ్వనులను కోసే జల్లెడ) ఎన్వలప్‌తో (కాలంతో మారే అమరిక) కాస్త తెరిస్తే, తీగ మీటగానే వినిపించే చిటుకు వస్తుంది. మిగతా జారుడంతా ఎడమచేత్తో, పిచ్ బెండ్ వీల్ మీద.

రెడీమేడ్ తాళాలు వద్దే వద్దు. పాట తిశ్రంలో (మూడేసి లెక్కల నడకలో) నడిస్తే 6/8 పెట్టి, గజ్జెల నడకను బట్టి వేగం కుదర్చండి.

1960ల్లో గిటారు పాటలతో పేరు తెచ్చుకున్న కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోహెన్, 1988 ఆల్బమ్‌కు వచ్చేసరికి సింథసైజర్లను ముందుకు తెచ్చాడు. వాద్యం సాదాగా ఉండబట్టే ఆ బరువైన గొంతులోని ప్రతి మాటా వినిపిస్తుంది. మీరూ అంతే చేయండి: సింథ్ ధ్వనిలో 1–4 కిలోహెర్ట్జ్ మధ్య భాగాన్ని ఈక్వలైజర్‌తో తగ్గించి, ఆ చోటు గొంతుకు వదలండి.

పాట బయటికి వదిలే ముందు సూరత్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లకు వినిపించండి. షిఫ్టు మారే వేళ తప్పు రాశారనో, అక్కడి గదులు అలా ఉండవనో వాళ్లంటే, ఆ పాదం వాళ్ల ముందే దిద్దుకోండి.