రాతప్రతి పంపాక ఏజెంట్ నుంచి జవాబు రాకపోతే: సమస్య - పరిష్కారం

ఏళ్ల తరబడి రాసిన నవలను లిటరరీ ఏజెంట్‌కు, అంటే రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడి పుస్తకం అమ్మే వ్యక్తికి, పంపాక ఆ మౌనాన్ని భరించడం చాలా కష్టం. కానీ ఆ మౌనానికి కారణం ఎప్పుడూ ఒకటే కాదు. కారణం తెలియకుండా గుర్తుచేస్తే, వచ్చే జవాబు కూడా రాకుండా పోవచ్చు. అందుకే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీరు పంపింది క్వెరీయా, అంటే పరిచయ లేఖ, సారాంశం, మొదటి కొన్ని పేజీలేనా? లేక ఏజెంటే అడిగితే పూర్తి రాతప్రతి పంపారా? ఈ రెండింటికీ ఫాలోఅప్ ఒకేలా ఉండదు.

సమస్య: క్వెరీ పంపి నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు

కారణం: ఏజెంట్‌కు ఆదాయం కమిషన్ మీదే. పుస్తకాన్ని ప్రచురణకర్తకు అమ్మితే, రచయితకు వచ్చే డబ్బులో మామూలుగా 15 శాతం. అందుకని పగలంతా ఇప్పటికే తన దగ్గరున్న రచయితల ఒప్పందాలు, ప్రచురణకర్తలతో బేరాలతోనే సరిపోతుంది. కొత్త క్వెరీలు చదివేది చాలావరకు సాయంత్రాలూ సెలవు రోజుల్లోనే. అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శన లాంటివి ఉన్నప్పుడు ఇంకా ఆలస్యమవుతుంది.

ఏం చేయాలి: ఏజెన్సీ వెబ్‌సైట్‌లోని గైడ్‌లైన్స్ మళ్లీ చదవండి. ఇన్ని వారాల్లో జవాబిస్తాం అని ఉంటే, ఆ గడువు మీద ఇంకో రెండు వారాలు ఆగి ఒక్కసారి రాయండి. ఫలానా గడువులో జవాబు రాకపోతే వద్దన్నట్టే అని ఉంటే అసలు రాయొద్దు. ఆ పేరు పక్కన గీత గీసి తర్వాతి ఏజెంట్‌కు పంపండి. గడువు మాటే లేకపోతే 8 నుంచి 12 వారాలు ఆగడం మంచిది. క్వెరీమేనేజర్ (ఏజెంట్లు క్వెరీలు తీసుకోవడానికి వాడే ఆన్‌లైన్ వ్యవస్థ) ఫారం ద్వారా పంపి ఉంటే, అందినట్టు వచ్చిన మెయిల్‌లోని లింకు తెరిచి అక్కడి స్థితి చూసుకోండి. చాలాసార్లు అడగాల్సిన అవసరమే రాదు.

సమస్య: అసలు చేరిందో లేదో అనుమానం

కారణం: అడ్రస్‌లో ఒక అక్షరం తేడా, స్పామ్, లేదా అడగకుండా జతచేసిన ఫైలు. చాలా ఏజెన్సీలు తాము అడగని అటాచ్‌మెంట్లను తెరవకుండానే తీసేస్తాయి.

ఏం చేయాలి: "సెంట్" ఫోల్డర్‌లో మీరు పంపిన మెయిల్ తెరిచి, అడ్రస్‌ను అక్షరం అక్షరం సరిచూడండి. మీ స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. నాకు ఒకసారి మొదటి యాభై పేజీలు పంపమని వచ్చిన మెయిల్ స్పామ్‌లో రెండు వారాలకు పైగా పడి ఉంది. ఆ ఏజెంట్ జవాబివ్వలేదని నేను బాధపడుతున్న రోజులవి. అప్పటి నుంచి వారానికోసారి స్పామ్ చూడటం అలవాటు చేసుకున్నాను.

సమస్య: ఏజెంటే పూర్తి రాతప్రతి అడిగారు, మూడు నెలలైంది

ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. వాళ్లే అడిగారు కాబట్టి గుర్తుచేసే హక్కు మీకుంది. 90 వేల పదాల నవల చదవడానికి గంటలు పడుతుంది. చాలామంది ఏజెంట్లకు అంత సమయం ఒక్కసారిగా దొరకదు. ఆలస్యమైందంటే నచ్చలేదని అర్థం కాదు, నచ్చిందనీ కాదు.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, రాతప్రతి అడిగిన పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. అప్పుడు మీరెవరో వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఇంత రాస్తే చాలు:

"నమస్తే అండి. మీరు అడిగిన మీదట మార్చి 4న నా నవల పూర్తి రాతప్రతి (పేరు, 90,000 పదాలు) పంపాను. మీ పరిశీలనలో ఇంకా ఉందేమో తెలుసుకుందామని రాస్తున్నాను. ఫైలు మళ్లీ కావాలంటే వెంటనే పంపుతాను. చదవడానికి తీసుకున్నందుకు కృతజ్ఞతలు."

తేదీ, పేరు, ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబివ్వొచ్చు, అదే ముఖ్యం. "ఇంకా చదవలేదా?" అంటే నిలదీసినట్టుంటుంది. "మీ విలువైన సమయం వృథా చేస్తున్నందుకు క్షమించండి" అని పదే పదే రాస్తే మీ రచనను మీరే తక్కువ చేసినట్టవుతుంది. ఫోన్ చేయడం, సోషల్ మీడియాలో మెసేజ్ పెట్టడం అసలు వద్దు. టెన్షన్‌గా ఉన్న రాత్రి రాసిన మెయిల్‌ను డ్రాఫ్ట్‌లోనే ఉంచి, పొద్దున్న ఒకసారి చదివి పంపండి.

సమస్య: ఇంకో ఏజెంట్ మీ పుస్తకం తీసుకుంటామన్నారు

ఈ ఒక్క సందర్భంలో ఆగకూడదు. మీ రాతప్రతి ఎవరెవరి దగ్గరుందో అందరికీ అదే రోజు రాయండి. సబ్జెక్ట్ లైన్‌లోనే "వేరే ఏజెంట్ నుంచి ఆఫర్" అని ఉండాలి. మామూలుగా రెండు వారాల గడువిస్తారు, ఆ తేదీ స్పష్టంగా రాయండి. ఆఫర్ ఇచ్చినవాళ్ల పేరు చెప్పాల్సిన పని లేదు. కానీ లేని ఆఫర్‌ను ఉన్నట్టు ఎప్పుడూ చెప్పొద్దు. ఈ రంగంలో ఒకరికొకరు తెలిసినవాళ్లే, పోయిన నమ్మకం మళ్లీ రాదు.

సమస్య: పంపాక తప్పులు కనిపించాయి

అచ్చుతప్పులైతే వదిలేయండి. కథనమే మారేంత పెద్ద సవరణ చేసి ఉంటే, కొత్త ప్రతి పంపమంటారా అని ముందు అడగండి. అడగకుండా రెండో ఫైలు పంపితే ఏది చదవాలో వాళ్లకు తెలియదు.

సమస్య: ఫాలోఅప్‌కు జవాబుగా చదివే ఫీజు అడిగారు

డబ్బు కట్టకండి. అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ లిటరరీ ఏజెంట్స్ తన సభ్యులను చదవడానికి ఫీజు తీసుకోనివ్వదు. మర్యాదగా వద్దని చెప్పి ఆపేయండి.

సమస్య: గుర్తుచేసినా జవాబు లేదు

క్వెరీ అయితే ఇక రాయొద్దు. పూర్తి రాతప్రతి అయితే ఆరు వారాలాగి ఇంకోసారి రాయండి. అప్పటికీ పలకకపోతే రాతప్రతిని వెనక్కి తీసుకోవచ్చు: "ఇంతకాలం పరిశీలనలో ఉంచినందుకు కృతజ్ఞతలు. ఈ రాతప్రతిని ఉపసంహరించుకుంటున్నాను." కారణాలు, నిష్ఠూరాలు వద్దు. రేపు మీ రెండో నవల వాళ్లకే పంపాలనిపించవచ్చు. ఈలోగా మిగతా ఏజెంట్లకు పంపడం ఆపకండి. ప్రత్యేకంగా తమకే కొంతకాలం చూపించమని ఎవరైనా అడిగితే మాత్రం, ఆ గడువు ఎన్ని వారాలో ఒప్పుకునే ముందే రాతపూర్వకంగా తీసుకోండి.