నెల్లూరు మసూరికి ఉప్పును ఓర్చుకోవడం నేర్పే పద్ధతి

తడ వైపు, పులికాట్ సరస్సుకు దగ్గరగా మా నాన్న పొలం ఉంది. ఎడగారు పంటకాలంలో నాటిన పది రోజులకే అక్కడి వరి ఆకుల కొసలు తెల్లబడి దారంలా చుట్టుకుపోతాయి. తిరుపతిలో మా డాబా మీద ఈ పని మొదలుపెట్టింది ఆ మడి కోసమే. ఉప్పుకు నిలిచే రకం తెస్తానంటే నాన్న ఒకటే షరతు పెట్టారు: అన్నం మాత్రం నెల్లూరు మసూరిదే కావాలి.

ముందు ఏ ఉప్పో తేల్చుకోండి. ఎండాకాలం తెల్లటి పొర పైకి తేలితే అది పాల చౌడు. పీహెచ్ 8.5 దాటి, తడిస్తే జిగురుగా, ఆరితే రాయిలా ఉంటే కారు చౌడు. దానికి జిప్సం, జీలుగ ముందు, విత్తనం తర్వాత. నేను చెప్పేదంతా పాల చౌడు గురించే.

తర్వాత, పైరు ఎప్పుడు దెబ్బతింటోందో చూడండి. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. లేత నారుగా ఉన్నప్పుడు తట్టుకోలేదు, పిలకలు వేసేటప్పుడు కోలుకుంటుంది, పూత దశలో మళ్ళీ బలహీనపడుతుంది. నారు చావడం వేరు, వెన్నులో తాలు గింజలు నిండడం వేరు. రెంటినీ నడిపే జన్యువులు చాలావరకు వేర్వేరు. అందరూ చెప్పే సాల్టాల్ అనేది ఒకటో క్రోమోజోములోని ఒక భాగం. అది కాపాడేది ముఖ్యంగా నారు దశను. తాలు సమస్య ఉన్నవాళ్ళు దాన్ని తెచ్చుకుని మోసపోయామంటే తప్పు విత్తనానిది కాదు.

సాల్టాల్ భాగంలో ఉన్న జన్యువు పనిని 2005లో బెంగాల్ రకం నోనా బోక్రాలో తేల్చారు. వేరు నుంచి ఆకుకు నీరు ఎక్కే గొట్టంలో సోడియం కలిసి పోతుంటే, దారిలోనే దాన్ని వెనక్కి లాగేసే ప్రోటీన్‌ను అది తయారుచేస్తుంది. ఉప్పు వేరు దగ్గరే చాలావరకు ఆగిపోతుంది, లేత ఆకు బతుకుతుంది.

ఉప్పును ఓర్చే గుణాన్ని ఇచ్చే దాతగా, కేరళ వరి రకం పొక్కాలిని నేరుగా వాడకండి. ఎత్తుగా పెరిగి పడిపోతుంది, బియ్యం ఎర్రన, పగటి పొద్దు తగ్గితే గానీ ఈనదు. పొక్కాలిని, ఉప్పుకు తట్టుకోలేని ఐఆర్ 29 అనే రకంతో కలిపి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తీసిన ఎఫ్ఎల్ 478 నయం. ఇది బజారులో దొరికే విత్తనం కాదు, పరిశోధన కేంద్రాన్నే అడగాలి.

సంకరానికి, అంటే రెండు రకాలను కలపడానికి, ముందు ఏది ఉప్పుకు నిలుస్తుందో పరీక్ష. థర్మోకోల్ పలకకు రంధ్రాలు చేసి, అడుగున నైలాన్ వల కుట్టి, ఒక్కో రంధ్రంలో రెండు మొలకలు పెట్టండి. మూడు రోజులు ఫిల్టరు నీళ్ళు చాలు. బోరు నీళ్ళు వద్దు, వాటి ఉప్పు లెక్క తప్పిస్తుంది. తర్వాత యోషిదా ద్రావణంలో (నీటిలో వరి పెంచే పోషకాల మిశ్రమం) ఈసీ 6 వచ్చేలా ఉప్పు కలపండి; ఈసీ అంటే నీటిలో ఉప్పు ఎంతుందో మీటరుతో చూసే కొలత, లీటరుకు సుమారు 3 గ్రాములు. మరో మూడు రోజులకు దాన్ని 12కు పెంచండి. చివరి మాట మీటరుదే, తక్కెడది కాదు. పీహెచ్‌ను రోజూ 5కు సరిచేసి, ఎనిమిది రోజులకొకసారి ద్రావణం మార్చాలి. పదో రోజు, పదహారో రోజు ఆకులు చూసి 1 నుంచి 9 వరకు మార్కులు వేయాలి. ఇక్కడ 1 మంచిది, 9 అంటే చచ్చినట్టే.

మొదటిసారి మే నెలలో చేసి అన్నిటినీ చంపుకున్నాను. ఎఫ్ఎల్ 478 కూడా ఎండిపోయేసరికి విత్తనాన్నే అనుమానించాను. మీటరు పెడితే 17 చూపించింది! తిరుపతి ఎండకు నీరు ఆవిరై ఉప్పు చిక్కబడింది. పైగా పొడి వేడిలో మొక్క ఎక్కువ నీరు తాగుతుంది, దాంతో సోడియమూ ఎక్కువే ఎక్కుతుంది. అప్పటి నుంచి పొద్దున్నే నీటి గీత దాకా ఫిల్టరు నీళ్ళు పోస్తున్నాను. ప్రతి తొట్టిలో ఐఆర్ 29నూ ఎఫ్ఎల్ 478నూ పక్కపక్కన పెడుతున్నాను. మొదటిది చావాలి, రెండోది బతకాలి. అలా జరగకపోతే ఆ తొట్టి లెక్కలోకి రాదు.

ఇక సంకరం. దాతను పది రోజుల తేడాతో మూడు విడతలుగా విత్తితే ఏదో ఒకటి నెల్లూరు మసూరి పూతతో కలుస్తుంది. సాయంత్రం, మరునాడు విచ్చుకునే గింజల పొట్టు పై భాగాన్ని మూడో వంతు ఏటవాలుగా కత్తిరించండి. లోపల లేత పసుపు కేసరాలు ఆరు ఉంటాయి. చిమటాతో ఒక్కొక్కటే తీస్తూ పైకే లెక్కపెట్టండి. అయిదు దగ్గర ఆపితే మిగిలిన ఒక్కటి చాలు, గింజ సొంత పుప్పొడితోనే కట్టేస్తుంది. కుంచెలాంటి కీలాగ్రాలు రెంటినీ తాకకూడదు. బటర్ పేపర్ సంచి తొడగండి. మరునాడు పొద్దెక్కాక దాత వెన్ను విచ్చుకోగానే దాన్ని తెచ్చి మీద దులపండి. పుప్పొడి నిమిషాల్లోనే చచ్చిపోతుంది కాబట్టి ముందే కోసుకుని టీ తాగి రాకండి. నెల రోజులకు, సగం పొట్టుతో వంకరగా ఉన్న గింజలు చేతికొస్తాయి.

వాటి మొక్కలను మళ్ళీ నెల్లూరు మసూరితోనే కలపాలి. మూడు సార్లు కలిపితే సగటున 93.75 శాతం అమ్మ రకమే తిరిగి వస్తుంది. ప్రతిసారీ సాల్టాల్ సుమారు సగం మొక్కల్లోనే ఉంటుంది. వాటిని ఏరడానికి ఆకు ముక్కను ప్రయోగశాలకు పంపి ఆర్ఎం 3412 అనే డీఎన్ఏ గుర్తుతో చూపించుకోవాలి. చివరి సంకరం మొక్కను స్వపరాగంతో పండిస్తే, సుమారు నాలుగింట ఒకదానికి ఆ భాగం రెండు వైపుల నుంచీ వస్తుంది. అవే నిలకడైనవి.

మా డాబా మీద ఇప్పుడు రెండో విడత నడుస్తోంది. అన్నం ఎప్పుడు వండుతావని నాన్న ఫోను చేసినప్పుడల్లా అడుగుతారు.