ఒక్క మామిడిపిందె, నాలుగు రకాల అప్లిక్

బొంత మీద అప్లిక్, అంటే గుడ్డ ముక్కను ఒక ఆకారంలో కత్తిరించి ఇంకో గుడ్డ మీద కుట్టే పని, వేయాలని ముచ్చటపడే వాళ్లు చాలామంది మొదటిరోజే పెద్ద నెమలి గీసుకుని కూర్చుంటారు, తోక దగ్గరికి వచ్చేసరికి విసుగొచ్చి అటక మీద పెట్టేస్తారు. అలా చేయకండి. ముందు అరచేయంత మామిడిపిందె గీయండి. అందులో బయటికి తిరిగిన వంపు, లోపలికి తిరిగిన వంపు, కొసన మొన, మూడూ ఉంటాయి. అప్లిక్‌లో చేయి ఇబ్బంది పడేది ఈ మూడు చోట్లే. అదే పిందెను నాలుగు పద్ధతుల్లో నాలుగు గుడ్డల మీద కుట్టి చూస్తే ఏ పనికి ఏది తగుతుందో మీ చేతికే తెలుస్తుంది.

గుడ్డ కోసం పెద్దగా తిరగక్కర్లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్, హైదరాబాద్ సుల్తాన్ బజార్ దాకా వెళ్తే రంగులు ఎక్కువ దొరుకుతాయి గానీ, మీ వీధి చివర మ్యాచింగ్ సెంటర్లో టూ బై టూ కాటన్ బ్లౌజు ముక్కలు చాలు. పల్చగా ఉండి మడత బాగా నిలుస్తుంది. పాలిస్టర్ కలిసింది వద్దు, ఎంత ఇస్త్రీ చేసినా మడత విచ్చుకుంటుంది. అడుగున పాప్లిన్ వేసుకోండి, 12 అంగుళాల ముక్క కావాలంటే 13 కత్తిరించండి, కుట్టేకొద్దీ గుడ్డ కాస్త లాక్కుపోతుంది. ఏ రంగైనా ముందు ఉతకాల్సిందే. మా అక్క కూతురి కోసం తెల్ల పాప్లిన్ మీద ఎర్ర పిందెలు కుట్టాను, ఎర్ర ముక్కను ఉతకకుండా వాడాను, మొదటి ఉతుకులోనే ప్రతి పిందె చుట్టూ గులాబీ మరక తేలింది. ఇప్పుడైతే తడిపిన తెల్లగుడ్డ మీద ఆ రంగు ముక్క పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కి చూస్తాను, రంగు అంటితే మళ్లీ ఉతుకుతాను.

అన్నిటికంటే తేలిక అంటించి కుట్టడం. ఇస్త్రీ వేడికి గుడ్డకు అంటుకునే జిగురు పొరే ఫ్యూజింగ్. షాపులో రెండు వైపులా అంటుకునే ఫ్యూజింగ్ అని గట్టిగా చెప్పి అడగండి, లేకపోతే బ్లౌజు మెడకు వేసే బక్రం ఇచ్చేస్తారు, అది ఒకవైపే అంటుకుంటుంది. రెండు వైపులా అంటుకునే దాని వెనకున్న కాగితం మీద పిందెను తిరగేసి గీయాలి, లేకపోతే కుట్టాక కొస రెండో వైపుకు తిరిగి ఉంటుంది. అంచు వెంట అర అంగుళం వెడల్పున ఉంచి మధ్యలో ఫ్యూజింగ్ కత్తిరించి తీసేయండి, బొంత అట్టలా బిరుసెక్కదు. దాన్ని పిందె గుడ్డ వెనక వైపు అంటించి, గీత మీద కత్తిరించి, కాగితం ఒలిచి, అడుగు గుడ్డ మీద పెట్టి, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా నొక్కి పట్టి అంటించాక, చుట్టూ మెషిన్ మీద జిగ్‌జాగ్ గానీ చేత్తో కాజా కుట్టు గానీ వేయాలి. మెషిన్ మీద వంపు తిప్పేటప్పుడు సూది గుడ్డలో దిగి ఉండాలి: బయటి వంపులో అడుగు గుడ్డ వైపు, లోపలి వంపులో పిందె వైపు. గోడకు వేలాడదీసే వాటికి, కుషన్లకు ఇది బాగుంటుంది. రోజూ కప్పుకుని తరచూ ఉతికే బొంతకు నేనైతే వాడను, మడవని అంచు పోగులు లేస్తుంది.

ఒకవైపే అంటుకునే పల్చటి ఫ్యూజింగ్ కూడా వృథా కాదు. దాని జిగురు వైపును పిందె గుడ్డ మంచి వైపుకు ఆనించి, గీత మీద చుట్టూ కుట్టేయండి. అంచు కాస్త వదిలి కత్తిరించి, ఫ్యూజింగ్ మధ్యలో చీల్చి, లోపలి నుంచి బయటికి తిప్పండి. అంచు దానంతటదే మడతపడి వస్తుంది. అడుగు గుడ్డ మీద పెట్టాకే ఇస్త్రీ చేయాలి, ముందే చేస్తే బల్లకు అంటుకుంటుంది.

నాకు ప్రాణం సూదితో అంచు మడుస్తూ చేత్తో కుట్టడమే. పిందెను గుడ్డ మంచి వైపే గీసి, గీత బయట పావు అంగుళం కంటే కాస్త తక్కువ వదిలి కత్తిరించండి. కచ్చా కుట్లతో అడుగు గుడ్డకు నిలపండి. పదో నంబరు సన్న సూది, మూరెడు దారం, రంగు మాత్రం పిందెకు కలవాలి, అడుగు గుడ్డకు కాదు. మొన దగ్గర మొదలుపెట్టొద్దు, తిన్నగా ఉన్న పక్క నుంచి మొదలెట్టండి. సూది మొనతో అంగుళం మేర అంచును లోపలికి తోసి, బొటనవేలితో నొక్కి, మడత అంచులోంచి సూది పైకి తీసి, సరిగ్గా దాని పక్కనే అడుగు గుడ్డలోకి దించండి. లోపలి వంపులో గీత దాకా చిన్న చిన్న గాట్లు పెట్టాలి. బయటి వంపులో గాట్లు పెడితే అక్కడక్కడా మూలలు తేలి గుండ్రం పోతుంది. మొన దాకా వచ్చాక అక్కడే ఇంకో కుట్టు వేసి, లోపలి ఎక్కువ గుడ్డ కత్తిరించి, కొసను కిందికి మడిచి, తర్వాత రెండో పక్కను లోపలికి తోసి, దారం మెల్లగా లాగండి. మొన సూటిగా నిలబడుతుంది. మొదటి నాలుగైదు మొద్దుగానే వస్తాయి, కంగారు పడకండి. భువనేశ్వర్ నుంచి పూరీ వెళ్లే దారిలో పిప్లి అనే ఊళ్లో అప్లిక్ గొడుగులు చూసే ఉంటారు, వాటి అంచుల్ని దగ్గరగా చూడండి, మడత ఎంత నేర్పుగా వేస్తారో.

నాలుగోది తిరగేసిన అప్లిక్. పై గుడ్డలో పిందె ఆకారం కత్తిరించి అంచు లోపలికి మడిస్తే, కింద పరిచిన గుడ్డ కనబడుతుంది. పనామా దేశంలో గునా తెగ స్త్రీలు రవికలకు వేసుకునే మోలా అనే గుడ్డలు ఇలాగే కుడతారు. ఇందులో లెక్క తారుమారు: గాట్లు పిందె బయటి వంపులో పడతాయి, మొన దగ్గర గీత దాకా కత్తెర వెళ్లాలి. కింద చిరిగిన పోచంపల్లి కాటన్ చీర ముక్క వేసి చూడండి, ఇక్కత్ గళ్లు పిందె నిండా పరుచుకుంటాయి.

అప్లిక్ అంతా పై గుడ్డ మీద పూర్తయ్యాకే, కింద పాత చీరల మడతలు పరిచి బొంత కుట్టాలి. దాని కంటే ముందు పిందెను తువ్వాలు మీద బోర్లించి వెనక నుంచి ఇస్త్రీ చేయండి, ముందు నుంచి చేస్తే అణిగిపోతుంది. తర్వాత పిందె చుట్టూ పావు అంగుళం దూరంలో, అన్ని పొరలూ కలిసేలా రన్నింగ్ కుట్టు వేస్తే చుట్టూ గుడ్డ కిందికి దిగి, పిందె ఉబ్బి పైకి లేస్తుంది.