దసరా సెలవుల్లో డబ్బాల వేటకు వెళ్తున్నారా? ముందు ఫోను దించండి

ఫోనులో బాణం చూసుకుంటూ, ఎవరో దాచిన డబ్బాను వెతికే ఆటలో ఉన్నాం. మొన్న ఆదివారం హనుమకొండ దగ్గరి ధర్మసాగర్ వైపు ఒక మామిడితోట అంచున మా మేనకోడలి చెప్పు బావిలో పడింది. పడిన చప్పుడు వెంటనే రాలేదు. ఆ కాస్త ఆలస్యంలోనే నాకు ఒళ్లంతా చెమట పట్టింది. పిల్ల ఒక కాలు అంచు మీద, ఇంకో కాలు గాలిలో. ఒక చేత్తో కానుగ కొమ్మ పట్టుకుంది, రెండో చేతిలో ఫోను. అప్పటికీ వదల్లేదు! అంతకు క్షణం ముందే "మామయ్యా, 9 మీటర్లే" అని అరిచింది. బాణం సూటిగా ఎదురుగానే చూపిస్తోంది, అబద్ధమేమీ చెప్పలేదు. డబ్బా బావికి అవతలి ఒడ్డున, పాత మోటారు గది గోడ సందులో ఉంది.

దాన్ని అక్కడ దాచింది నేనే.

ఏప్రిల్‌లో దాచాను. అప్పుడు పొదలన్నీ ఎండిపోయి, బావి దూరం నుంచే కనిపించేది. అక్కడికి నడక ఎంత కష్టమో చెప్పే అంకె ఐదుకు ఒకటిన్నర అని రాసిందీ నేనే, పిల్లలు కూడా వెళ్లవచ్చనే ఉద్దేశంతో. వానలు పడ్డాక వయ్యారిభామ, తుమ్మ, తీగలు కలిసి బావి అంచు దాకా పచ్చటి దుప్పటి పరిచేశాయి. చుట్టుగోడ లేదు. మన వైపు వ్యవసాయ బావుల్లో ఎన్నింటికి ఉంది కనుక?

ఈ ఆట తెలియనివారికి రెండు మాటలు. ఒకరు డబ్బా దాచి, ఆట వెబ్‌సైటులో దానికో పేజీ పెట్టి, అందులో దాని అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. మిగతావారు ఫోనుతో వెతికి, లోపలి చీటీలో సంతకం పెట్టి, ఎక్కడిది అక్కడే పెట్టి వస్తారు. దీన్నే జియోక్యాషింగ్ అంటారు. మా ఇంట్లో మాత్రం డబ్బాల వేట. 2000 మే నెలలో అమెరికా తన జీపీఎస్ ఉపగ్రహ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పును తీసేసింది. అంతకుముందు మనం ఎక్కడున్నామో చెప్పే లెక్క 100 మీటర్ల దాకా తప్పేది. తీసేసిన ఒకటి రెండు రోజుల్లోనే, మే 3న, ఒరెగాన్ అడవిలో ఒకాయన బకెట్ దాచి వెతకండి అన్నాడు. ఆట అలా పుట్టింది. ఇప్పుడు ఆకాశం స్పష్టంగా ఉంటే ఫోను దాదాపు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. చెట్ల కింద, బండల మధ్య ఆ తేడా పెరుగుతుంది. మన బావుల్లో చాలావాటి వెడల్పు 5 మీటర్ల కంటే ఎక్కువే. అంటే ఫోను పూర్తిగా సరిగ్గా పనిచేస్తూనే మనల్ని బావిలోకి నడిపించగలదు.

నీళ్ల సీసా, టోపీ, బూట్ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. బాణం దిక్కు చెబుతుంది, దారి చెప్పదు. ఫోను చూడాలంటే ఆగండి. నడవాలంటే ఫోను దించండి. ఎనిమిదేళ్లుగా ఈ వేటలో ఉన్నాను. మోకాళ్లు పగిలినా, పాములను తొక్కబోయినా, కాలువలో జారినా, ప్రతిసారీ కారణం ఇదే. అందులోనూ చివరి 30 మీటర్లలోనే. అంతవరకు బుద్ధిగా వచ్చినవారు అక్కడికి రాగానే తల దించి పరుగెత్తుతారు. పిల్లలైతే ఎవరు ముందు కనిపెడతారా అని పోటీ.

బయల్దేరే ముందు

ఇంట్లోనే ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి చూడండి. ఎండాకాలపు చిత్రమైతే బావులు నల్లటి మచ్చల్లా, క్వారీ గుంతలు తెగిన అంచులతో తెలుస్తాయి. డబ్బా ఏ నెలలో దాచారో చూడండి. వేసవిలో వేసిన కష్టం అంకె బతుకమ్మ నాటికి చెల్లదు. గునుగు, తంగేడు పూసే రోజులంటే పొదలు నిండుగా, బావుల్లో నీళ్లు ఉండే రోజులు. 20 మీటర్ల తాడు ఒకటి బండిలో వేసుకోండి.

అక్కడికి చేరాక

ముందు రైతును పలకరించండి. "ఇక్కడ బావులు ఎక్కడెక్కడ ఉన్నాయి?" అని అడగండి. అనుమతి కూడా అందులోనే వస్తుంది. తర్వాత వరుస మార్చండి: కర్ర ఉన్న పెద్దవారు ముందు, ఫోను ఉన్నవారు వెనక. ఫోను చేతిలో ఉన్న పిల్ల ఎప్పుడూ ముందు నడవకూడదు. మా ఇంట్లో ఇప్పుడు ఈ నియమానికి మినహాయింపు లేదు, అలిగినా సరే. 30 మీటర్లు అని చూపించగానే అందరూ నిలబడాలి. ఫోను జేబులోకి వెళ్లాలి. అక్కడి నుంచి కళ్లతో, కర్రతో, చుట్టూ తిరిగి వెళ్లాలి.

మొక్కజొన్న చేల చుట్టూ సన్నని ఇనుప తీగ కనిపిస్తే దాటకండి, ముట్టకండి. అడవి పందుల కోసం కొందరు దానికి రాత్రిపూట కరెంటు పెడతారు. చట్టవిరుద్ధమే, అయినా పెడతారు. తెల్లవారాక తీయడం మరిచిపోతే ఆ తీగకు పంది ఒకటీ మనిషి ఒకటీ కాదు. ఫోను చూస్తూ నడిచేవారికి ఆ తీగ అసలు కనిపించదు.

సందుల్లో, రాళ్ల కింద ఉత్త చేయి పెట్టకండి. ముందు కర్ర.

మందు కొట్టిన పత్తి చేనులోంచి పిల్లలను నడిపించకండి.

పాము కరిస్తే కట్టు కట్టవద్దు, కోయవద్దు, పరుగెత్తించవద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేయండి. కట్లపాము కాటు నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి లేదని ఇంటికి తీసుకెళ్లకండి.

ఉరుము వినిపిస్తే గుట్ట దిగండి. డబ్బా ఎక్కడికీ పోదు.

వదిలేసిన గ్రానైటు క్వారీల్లో దిగవద్దు. నిలువు అంచులు, ఎక్కడానికి పట్టు దొరకదు.

బావిలో ఎవరైనా పడితే వెంట దూకకండి. తాడు వేయండి, లేదంటే చీర వేయండి. ఈత రానివాడు దూకితే ఇద్దరిని తీయాలి.

రామప్ప, వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట తోరణాల దగ్గర దాచకండి, వెతకకండి. పాండవుల గుట్టల్లో ఆదిమ చిత్రాలున్న బండను చేత్తో తడమకండి.

ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం వైపు గుట్టల్లోకి అసలు వెళ్లకండి. 2024లో వాజేడు మండలంలో కట్టెలకు వెళ్లిన మనిషి మందుపాతర పేలి చనిపోయాడు. ఏ అడవిలోనైనా మీ పేజీలో లేని డబ్బా కనిపిస్తే ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి.

బస్టాండులో, రైల్వేస్టేషన్‌లో దాచకండి. ఎక్కడ దాచినా డబ్బా మీద అదేమిటో తెలుగులో రాయండి.

దాచేవారికి ఇంకొకటి. బావికి, కాలువకు అవతల దాచకండి. మీరు ఏ దారిన నడిచి వెళ్లారో మీకు గుర్తుంటుంది, బాణానికి ఉండదు. వానల తర్వాత ఒకసారి వెళ్లి చూడండి. నేను చూడలేదు.

ధర్మసాగర్ డబ్బా తీసేశాను, పేజీ మూసేశాను. ఆ అంకెలు ముందే ఫోనులో దాచుకున్నవారు ఎవరైనా ఉంటే చెరిపేయండి. అక్కడ ఇప్పుడు ఒక చెప్పు తప్ప ఏమీ లేదు.