విశాఖ రైల్వే స్టేషన్‌లో కాలివంతెన దాటడం ఎలా

1893–96 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే కటక్, విజయవాడల మధ్య తీరం వెంబడి రైలుమార్గం నిర్మించినప్పటి నుంచి పట్టాలు విశాఖపట్నాన్ని రెండుగా చీల్చాయి. ఒకటో ప్లాట్‌ఫారం వైపు ప్రధాన ద్వారం, ఎనిమిదో ప్లాట్‌ఫారం వైపు జ్ఞానాపురం ద్వారం ఉన్నాయి, వాటిని కలిపేది కాలివంతెనే. కాబట్టి ఇంటి నుంచి బయలుదేరే ముందే మీ రైలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చూసుకుని, దానికి దగ్గరి ద్వారం ఎంచుకోండి. సామాను మోసుకుంటూ వంతెన మొత్తం నడవాల్సిన పని తప్పుతుంది.

వీడ్కోలు చెప్పడానికి వచ్చేవారు రెండు గంటలు చెల్లే ప్లాట్‌ఫారం టికెట్ తీసుకోవాలి.

మెట్లు దిగే ముందు ఒక్క క్షణం ఆగి బోగీ వరుస చూడండి. విజయవాడ నుంచి హౌరా వైపు వెళ్లే పలు రైళ్లకు ఇక్కడ ఇంజిన్ రెండో కొసకు మారుతుంది కనుక, వచ్చేటప్పుడు ముందున్న బోగీ వెళ్లేటప్పుడు చివరిదవుతుంది. కొత్తవారే కాదు, తరచుగా ప్రయాణించేవారూ ఇక్కడ తికమకపడతారు.

వంతెన కింది తీగల్లో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది, అందువల్ల కమ్మీల సందుల్లోంచి గొడుగుగానీ సెల్ఫీ కర్రగానీ బయటకు చాపకండి. రద్దీలో ఎడమ పక్కగా నడవండి, పిల్లలను గోడవైపు ఉంచండి. తొందరలో పట్టాల మీదుగా దాటితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా పడవచ్చు.